వి.వి. గిరి: ఖరగ్‌పూర్ రైలు కార్మికుల మధ్య నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

హౌరా నుంచి దక్షిణాదికి బయలుదేరే రైళ్లలో అధికభాగం ఖరగ్‌పూర్ మీదుగానే సాగుతాయి. చాలాకాలం ప్రపంచంలోనే అతి పొడవైన ప్లాట్‌ఫాంగా పేరొందిన స్టేషన్ అది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణానికి మరో ప్రత్యేకత ఉంది. మథురాకాటి, నింపురా వంటి పేటల్లో తెలుగు నేటికీ ఇంటి భాష. బెంగాలీ, హిందీ, ఒడియా మాటలను నిస్సంకోచంగా కలుపుకొన్న ఆ తెలుగు నాలుగు తరాలుగా అక్కడ బతుకుతోంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో ఒకటిగా గుర్తింపు ఇచ్చిందంటే అందుకు ముఖ్య కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే.

వారిని అక్కడికి చేర్చింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. లండన్‌లోని డైరెక్టర్ల బోర్డు అధీనంలో నడిచిన ఈ ప్రైవేటు కంపెనీని జనం బీఎన్ఆర్ అనేవారు. 20వ శతాబ్ది ఆరంభానికి దాని పట్టాలు ఒకవైపు కలకత్తాకు, మరోవైపు తూర్పుతీరం వెంట వాల్తేరు దాకా విస్తరించాయి. గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో కరవు వచ్చినా, కౌలు బరువైనా జనానికి అందుబాటులో ఉన్న దారి ఆ రైలుమార్గమే. ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే కంపెనీ ప్రధాన కర్మాగారం ఖరగ్‌పూర్‌లో వెలిసింది. ఫిట్టర్లుగా, కమ్మరులుగా, బొగ్గు కూలీలుగా, గ్యాంగ్‌మెన్‌గా ఉత్తరాంధ్ర మనుషులు అక్కడికి చేరారు. పట్టణమంతా కంపెనీదే. క్వార్టర్లు, ఆసుపత్రి, నీటి కుళాయి కూడా కంపెనీవే. దొరల బంగళాలకూ కూలీల లైన్లకూ మధ్య దూరం గజాల్లో తక్కువే, హోదాలో మాత్రం కొలవలేనంత.

స్వతంత్ర భారత నాలుగో రాష్ట్రపతి వరాహగిరి వేంకట గిరి రాజకీయ జీవితానికి పునాది ఈ పట్టణంలోనే పడింది. పాఠ్యపుస్తకాలు ఆయనను స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన ఏకైక రాష్ట్రపతిగా పరిచయం చేస్తాయి. అది నిజమే కానీ ఆయన జీవితంలో అది చివరి అంకం. అంతకుముందు 40 ఏళ్లపాటు ఆయన ఒకే ప్రశ్న చుట్టూ తిరిగారు. యజమాని, కార్మికుడు ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోగలరా అన్నదే ఆ ప్రశ్న. ఖరగ్‌పూర్ సమ్మె, కేంద్ర మంత్రిగా రాజీనామా, రాష్ట్రపతి హోదాలో చూడవలసి వచ్చిన 1974 రైల్వే సమ్మె, ఈ మూడూ ఆ ప్రశ్నకు ఆయన ఎదుర్కొన్న మూడు పరీక్షలు.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పట్టణం. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కేంద్ర శాసనసభకు ఎన్నికైన స్వరాజ్యవాది. తెలుగు, ఒడియా రెండూ వీధుల్లో సమానంగా వినిపించే ఊరు అది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరిపోయింది. అందువల్ల గిరి తెలుగు నాయకుడా, ఒడిశా బిడ్డా అన్న చర్చ అప్పుడప్పుడూ తలెత్తుతూనే ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా వీధుల్లో పెరిగిన మనిషి విషయంలో ఆ చర్చకు పెద్దగా అర్థం లేదు.

19వ ఏట, 1913లో ఆయన న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్‌కు ప్రయాణమయ్యారు. నాటి భారతీయ విద్యార్థులు సాధారణంగా లండన్ వైపు చూసేవారు. డబ్లిన్‌కు వెళ్లడం గిరి జీవితాన్ని మలుపు తిప్పింది. ఆయన వెళ్లిన ఏడాదే ఆ నగరంలో భారీ కార్మిక పోరాటం చెలరేగింది. యూనియన్‌లో చేరిన ట్రామ్ కార్మికులను యజమాని పనిలోనుంచి తీసివేయడంతో వివాదం రాజుకుంది. యజమానులంతా ఏకమై సుమారు 20,000 మందికి పని నిరాకరించారు. 1913 ఆగస్టులో మొదలైన ఆ లాకౌట్ 1914 జనవరి దాకా సాగి, ఆకలితో అలసిన కార్మికులు వెనక్కి తగ్గడంతో ముగిసింది. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ దానికి నాయకులు. పరాయి పాలనకు వ్యతిరేకంగా సాగే పోరాటం, కూలి కోసం సాగే పోరాటం ఒకే వీధిలో కలిసి నడవగలవని గిరి తరం విద్యార్థులు డబ్లిన్‌లో చూశారు.

యూనివర్సిటీ కాలేజీలోనూ, న్యాయవాద శిక్షణ ఇచ్చే కింగ్స్ ఇన్స్‌లోనూ గిరి చదివారు. దక్షిణాఫ్రికాలో భారతీయులపై జరుగుతున్న అత్యాచారాల గురించి తోటి విద్యార్థులతో కలిసి ఒక కరపత్రం ప్రచురించారు. అది బ్రిటిష్ నిఘా అధికారుల చేతికి చిక్కింది. అప్పటి నుంచి పోలీసుల కన్ను వారిపై పడింది. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. గిరి కాలేజీలో ఇంగ్లీషు బోధించిన థామస్ మెక్‌డోనా, కార్మిక నేత కానలీ మే నెలలో తుపాకీ గుండ్లకు బలయ్యారు. భారతీయ విద్యార్థుల గదుల్లో సోదాలు జరిగాయి. తిరుగుబాటు నాయకులతో సంబంధం ఉందన్న అనుమానంతో, నెల రోజుల్లో దేశం విడిచిపోవాలని జూన్ 1న గిరికి నోటీసు అందింది. జూన్ 21న ఆయనకు ఐరిష్ న్యాయవాదిగా పట్టా లభించింది. బీఏ చదువు మాత్రం అసంపూర్తిగానే మిగిలిపోయింది.

స్వదేశానికి వచ్చాక న్యాయవాద వృత్తి చేపట్టారు. లక్నో కాంగ్రెస్‌కు వెళ్లారు, హోమ్ రూల్ ఉద్యమంలో పనిచేశారు. గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపుతో 1920లో ప్రాక్టీసు మానుకున్నారు. 1922లో మద్యం దుకాణాల ముందు పికెటింగ్ చేసి జైలుకు వెళ్లారు. ఆ కాలపు కాంగ్రెస్ నాయకుల జీవితాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. గిరి దారి వేరుపడింది రైల్వేల దగ్గర. 1923లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఒకరై, పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఆయన వయసు 32 దాటలేదు.

ఇక ఖరగ్‌పూర్. 1927 ఫిబ్రవరిలో బీఎన్ఆర్ కార్మికులు సమ్మెకు దిగారు. అప్పటికి దేశంలో కార్మిక సంఘాలకు చట్టం ఇచ్చే రక్షణ ఇంకా అమల్లోకి రాలేదు. 1926లో ఆమోదించిన ట్రేడ్ యూనియన్ల చట్టం 1927 జూన్ 1న గానీ అమలు కాలేదు. ఆలోపు యూనియన్ నాయకుడి మీద కుట్ర కేసు పెట్టడం, నష్టపరిహారం కోరుతూ సివిల్ కోర్టుకు లాగడం యాజమాన్యానికి కష్టం కాదు. మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మిక నాయకులు ఆ అనుభవాన్ని అంతకుముందే చవిచూశారు. ఖరగ్‌పూర్‌లో క్వార్టర్ కూడా కంపెనీదే కనుక, సమ్మె చేసినవాడు జీతంతోపాటు పైకప్పును కూడా పణంగా పెట్టేవాడు.

ఆ వేసవిలో గిరి జెనీవా వెళ్లి అంతర్జాతీయ కార్మిక మహాసభలో భారత కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు. తిరిగి వచ్చాక ఇంకా పెద్ద సంక్షోభం ఎదురైంది. సెప్టెంబరులో కంపెనీ ఖరగ్‌పూర్ కర్మాగారంలో వెయ్యిమందికి పైగా కార్మికులు అదనంగా ఉన్నారని లెక్కతేల్చి తొలగింపునకు సిద్ధపడింది. కార్మికులు తిరగబడ్డారు. కర్మాగారం మూతపడింది. డబ్లిన్‌లో గిరి విద్యార్థిగా అడుగుపెట్టిన ఏడాది విన్న లాకౌట్ అనే మాట 14 ఏళ్ల తర్వాత ఆయన సొంత మనుషుల నోట వినిపించింది. డిసెంబరు దాకా వేలాది కుటుంబాలు జీతం లేకుండా గడిపాయి. అందులో తెలుగు ఇళ్లు ఎన్నో. దీపావళి, కార్తీకం ఆ ఏడాది రైల్వే లైన్లలో ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

తొలగించిన వారి హక్కుల కోసం బీఎన్ఆర్‌లో జరిగిన ఈ పోరాటం 1928లోనూ కొనసాగింది. దాన్ని గిరి అహింసాయుత క్రమశిక్షణతో నడిపారు. చివరకు కంపెనీ, ప్రభుత్వం కార్మికుల కోర్కెలకు తలొగ్గాయని ఆయన జీవితాన్ని రాసినవారు చెబుతారు. భారత కార్మికోద్యమ చరిత్రలో అది ఒక మైలురాయిగా నిలిచింది. అయితే గిరి అక్కడ నేర్చుకున్న పాఠం విజయోత్సాహం మాత్రమే కాదనిపిస్తుంది. సమ్మె చివరి ఆయుధమని, దాన్ని ఎక్కువసార్లు వాడితే ముందు మొద్దుబారేది కార్మికుడి కడుపేనని ఆయన ఆ తర్వాత జీవితాంతం నమ్మారు. సమ్మెలకు నాయకత్వం వహించి పేరు తెచ్చుకున్న మనిషి, సమ్మె అవసరం రాని ఏర్పాటు కోసం వెతకడం అక్కడి నుంచే మొదలైంది.

ఆ నమ్మకం ఆయనకు శత్రువులను కూడా సంపాదించి పెట్టింది. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం కార్మిక సమస్యలపై రాయల్ కమిషన్‌ను నియమించింది. నాగ్‌పూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన సమావేశమైన ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ దాన్ని బహిష్కరించాలని నిశ్చయించింది. గిరి, ఎన్.ఎం. జోషి తదితరులు బయటికి వచ్చి వేరే ఫెడరేషన్ పెట్టారు. వలస ప్రభుత్వం వేసిన కమిటీ ముందుకు వెళ్లి కూర్చోవడం లొంగుబాటని వామపక్షం భావించింది. కార్మికుడి గోడు వినే చోటు ఎక్కడున్నా వెళ్లి చెప్పాలని గిరి వాదించారు. 1931లో కార్మికుల ప్రతినిధిగా లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా వెళ్లారు. ఆ సమావేశం సాగుతుండగానే, సెప్టెంబరు 16న, ఖరగ్‌పూర్ శివారులోని హిజ్లీ నిర్బంధ శిబిరంలో రాజకీయ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరిని బలిగొన్నారు. చర్చల బల్ల మీద గిరికి ఉన్న నమ్మకాన్ని ఎగతాళి చేయదలచుకున్న వారికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 1951లో దేశపు తొలి ఐఐటీ ఆ భవనంలోనే పాఠాలు ప్రారంభించింది.

1934లో గిరి కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల గ్రామీణ స్థానం ఆయనది. అదే సభలో గుంటూరు, నెల్లూరు ప్రాంతం నుంచి ఎన్.జి. రంగా రైతుల పక్షాన మాట్లాడేవారు. రంగా ఆ తర్వాత దశాబ్దాల తరబడి చట్టసభల్లో కొనసాగి రికార్డు సృష్టించారు. ఆయనకు నియోజకవర్గమూ, వర్గమూ రెండూ పల్లెలోనే ఉన్నాయి. గిరి సంగతి అలా కాదు. ఓట్లు ఉత్తరాంధ్ర పల్లెల్లో, అనుచరులు ఖరగ్‌పూర్, వాల్తేరు రైల్వే కాలనీల్లో ఉండేవారు. ఆనాటి పరిమిత ఓటుహక్కు కింద ఆ కార్మికుల్లో చాలామందికి ఓటే లేదు. ఈ వైరుధ్యం ఆయన ఎన్నికల చరిత్రంతటా కనిపిస్తుంది.

అయినా ఆయన గెలిచిన ఒక ఎన్నిక తెలుగునాట కథలా నిలిచిపోయింది. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ గిరిని బొబ్బిలి బరిలో దించింది. ప్రత్యర్థి సాక్షాత్తూ బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు. ఆయన అప్పటికి మద్రాసు రాష్ట్ర ప్రధాని, జస్టిస్ పార్టీ అధినేత. 1757 నాటి కోట ముట్టడిని బుర్రకథల్లో ఊరూరా పాడుకునే ప్రాంతంలో ఆ వంశీకుడిని ఓడించడం మాటలు కాదు. గిరి ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాక మళ్లీ జైలుబాట పట్టారు. 1942 క్విట్ ఇండియాలో అరెస్టయి మూడేళ్లు నిర్బంధంలో గడిపారు. 1946లో తిరిగి ఎన్నికై టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1951 వరకు సిలోన్‌లో భారత తొలి హైకమిషనర్‌గా ఉన్నారు.

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి గిరి లోక్‌సభకు ఎన్నికయ్యారు. నెహ్రూ ఆయనకు కార్మిక శాఖ అప్పగించారు. అప్పటికి దేశంలో పారిశ్రామిక వివాదాలను ప్రభుత్వం ట్రైబ్యునళ్లకు అప్పగించడం, వాటి తీర్పు ఇరుపక్షాలూ పాటించడం ఆనవాయితీ. గిరికి ఇది నచ్చలేదు. యూనియన్ బలం పెంచుకోవడం మానేసి కార్మికుడు ప్లీడరు చుట్టూ తిరుగుతాడని, ఏళ్ల తరబడి తీర్పు కోసం ఎదురుచూసే కర్మాగారంలో ద్వేషం పేరుకుపోతుందని ఆయన అభిప్రాయం. ముందు ఇరుపక్షాలు నేరుగా మాట్లాడుకోవాలి, కుదరకపోతే రాజీ అధికారి సాయంతో మళ్లీ మాట్లాడుకోవాలి, బలవంతపు తీర్పు మాత్రం వద్దు అన్నది ఆయన సూత్రం. దీనికి గిరి పద్ధతి అన్న పేరు స్థిరపడింది. 1952లో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభ ముందు ఈ ఆలోచనను ఉంచారు.

ఆయన విమర్శకులను కూడా తేలిగ్గా కొట్టిపారేయలేం. ఖరగ్‌పూర్ రైల్వే యూనియన్ వంటి బలమైన సంఘం ఉన్నచోట బేరమాడటం వేరు, 50 మంది పనిచేసే మిల్లులో సంఘం పేరెత్తితే ఉద్యోగం పోయే చోట వేరు. రెండోచోట ట్రైబ్యునలే కార్మికుడికి మిగిలిన ఏకైక అండ. కాంగ్రెస్‌కు సన్నిహితమైన ఐఎన్‌టీయూసీ కూడా తీర్పుల పద్ధతివైపే మొగ్గింది. ప్రణాళికల తొలి సంవత్సరాల్లో ఉత్పత్తి ఆగకూడదన్న ఆత్రుత ప్రభుత్వానిది. గిరి పద్ధతి చట్టరూపం దాల్చలేదు.

మరొక చట్టం మాత్రం ఆయన హయాంలో వచ్చింది. దాన్ని ఆయన జీవితచరిత్రల్లో అంతగా ప్రస్తావించరు. నిజానికి ప్రస్తావించదగ్గది అదే. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి లేఆఫ్, ఉద్యోగాల తొలగింపులపై ప్రత్యేక అధ్యాయం చేర్చారు. ఏడాది పైగా నిరంతరంగా పనిచేసిన కార్మికుడిని తొలగించాలంటే నెల రోజుల నోటీసు గానీ, బదులుగా జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. సాధారణంగా చివర చేరినవారిని ముందు తీయాలి. మళ్లీ నియామకాలు జరిపినప్పుడు తొలగించినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. 1927లో ఖరగ్‌పూర్ కార్మికుడికి వీటిలో ఏ ఒక్క రక్షణా చట్టరీత్యా లేదు. మనుషులు ఎక్కువయ్యారని కంపెనీ అంటే సరిపోయేది. ఆ గేటు ముందు నిలబడిన నాయకుడే పాతికేళ్ల తర్వాత కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు ఈ నిబంధనలు శాసనమయ్యాయి.

రాజీనామా సందర్భం బ్యాంకుల రూపంలో వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై శాస్త్రి ట్రైబ్యునల్ 1953లో తీర్పు ఇచ్చింది. అప్పీలు ట్రైబ్యునల్ 1954లో దాన్ని సవరిస్తూ ఉద్యోగులకు కొంత మేలు చేసింది. చిన్న బ్యాంకులు ఆ భారం మోయలేవన్న కారణంతో 1954 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ తీర్పును తనకు తానే తగ్గించి అమలుచేయడానికి పూనుకుంది. ట్రైబ్యునళ్లంటేనే ఇష్టంలేని మంత్రి, ఒక ట్రైబ్యునల్ తీర్పును నిలబెట్టడానికి పదవి వదులుకోవడం మొదట వింతగా అనిపిస్తుంది. నిదానంగా చూస్తే అందులో వైరుధ్యం లేదు. వివాదాన్ని తీర్పుకు అప్పగించి, ఆ తీర్పు రుచించనప్పుడు ప్రభుత్వమే దాన్ని మార్చితే ఇక కార్మికుడు ఎవరిని నమ్మాలి? గిరి రాజీనామా చేశారు. మరుసటి ఏడాది బ్యాంకు తీర్పుపై కమిషన్ కూర్చుంది. పార్లమెంటు కొత్త చట్టం చేసింది.

1957 ఎన్నికల కథ మరీ విచిత్రమైనది. పార్వతీపురం అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం జనరల్, మరొకటి షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినది. గిరి జనరల్ స్థానానికి పోటీచేశారు. ఓట్లు లెక్కించగా మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచారు. నిబంధన ప్రకారం అత్యధిక ఓట్లు వచ్చిన బిడ్డిక సత్యనారాయణకు రిజర్వుడు స్థానం, తర్వాతి దిప్పల సూరిదొరకు జనరల్ స్థానం దక్కాయి. కొద్ది వందల ఓట్ల తేడాతో గిరి ఓడిపోయారు. రిజర్వుడు స్థానానికి నామినేషన్ వేసిన వ్యక్తి జనరల్ స్థానంలో ఎలా గెలుస్తారన్న ప్రశ్నతో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సూరిదొర తనను క్షత్రియుడిగా చెప్పుకున్నారు కనుక గిరిజనుడే కాదన్న వాదన కూడా గిరి పక్షాన వినిపించారు. అణగారినవారి నాయకుడిగా పేరున్న మనిషికి ఆ వాదన అలంకారం కాదు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నికనే సమర్థించింది. అభ్యర్థి ఏ వర్గానికి చెందినా ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే జనరల్ స్థానానికి అర్హుడేనని తేల్చిన ఆ తీర్పు రాజ్యాంగ పాఠాల్లో చోటు సంపాదించుకుంది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దుచేశారు.

తీర్పు వచ్చేనాటికి గిరి లక్నో రాజ్‌భవన్‌లో ఉన్నారు. 1957 జూన్‌లోనే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా నియమితులయ్యారు. ఆ తర్వాత కేరళ, మైసూరు రాష్ట్రాల్లోనూ పనిచేశారు. గవర్నర్‌గా ఆయన పదేళ్ల కాలంలో గుర్తుండిపోయేది కేరళలోని ఒక చేదు ఘట్టం. 1965 మార్చి ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. ఎన్నికైన శాసనసభ ఒక్కసారైనా సమావేశం కాకుండానే రద్దయింది.

1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ హఠాన్మరణంతో తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించారు. కాంగ్రెస్ అధిష్ఠానంలోని పెద్దలు నీలం సంజీవరెడ్డిని అధికారిక అభ్యర్థిగా ఎంపిక చేశారు. ప్రధాని ఇందిరా గాంధీకి అది ఇష్టం లేదు. జులై 19న గిరి 14 ప్రధాన బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశారు. 15 ఏళ్ల కిందట బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదిలిన చేతితోనే ఆ సంతకం జరిగింది. మర్నాడు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. ఆత్మసాక్షి ప్రకారం ఓటు వేయమని ఇందిర తన పార్టీ సభ్యులకు సూచించడంతో కాంగ్రెస్ నిలువునా చీలింది. వామపక్షాలు, డీఎంకే, అకాలీదళ్ గిరి వెంట నిలిచాయి.

ఆగస్టు 16న పోలింగ్ జరిగింది. 15 మంది పోటీలో ఉన్నా అసలు పోరు ఇద్దరు తెలుగువారి మధ్యే. మూడో ప్రధాన అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. గెలవాలంటే 4,18,169 ఓట్ల విలువ కావాలి. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548 వచ్చాయి. ఎవరికీ గీత దాటేంత రాలేదు. తక్కువ ఓట్లవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి 4,20,077కు, సంజీవరెడ్డి 4,05,427కు చేరారు. ఆ ఎన్నిక చెల్లదంటూ దాఖలైన పిటిషన్ విచారణలో గిరి పదవిలో ఉండగానే స్వయంగా సుప్రీంకోర్టులో సాక్ష్యం చెప్పారు. కోర్టు 1970లో పిటిషన్‌ను కొట్టివేసింది.

రాష్ట్రపతిగా ఆయన పాత్రపై విమర్శ లేకపోలేదు. 1970లో సోవియట్ యూనియన్ పర్యటనలో ఉండగా కీవ్ నుంచే ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించే పత్రంపై సంతకం చేశారు. మాజీ సంస్థానాధీశుల గుర్తింపు రద్దుచేస్తూ ఆయన పేరిట వెలువడిన ఉత్తర్వును అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇందిర అడిగిన చోటల్లా సంతకం చేశారన్న పేరు మిగిలిపోయింది. ఆ పేరు పూర్తిగా అన్యాయమని చెప్పడం కష్టం.

పదవీకాలం చివర్లో మూడో పరీక్ష వచ్చింది. 1974 మే 8న దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. సుమారు 17 లక్షల మంది ఉద్యోగులున్న సంస్థ అది. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. ఆయన అధ్యక్షత వహిస్తున్న సంస్థ అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్. గిరి 1923లో నిర్మించడానికి తోడ్పడి, పదేళ్లకు పైగా నడిపిన అదే ఫెడరేషన్. చర్చలు సాగుతుండగానే మే 2న ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. వేలాదిమందిని భారత రక్షణ నిబంధనలు, మీసా కింద జైళ్లలో పెట్టారు. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాల్లో క్వార్టర్లు ఖాళీ చేయిస్తామన్న బెదిరింపు మళ్లీ తలుపు తట్టింది. కంపెనీ పోయి ప్రభుత్వం వచ్చినా పైకప్పు యజమానిదే కదా. ఉక్కుపాదం మోపితే పరిస్థితి మరింత చెడుతుందని గిరి ప్రధానిని హెచ్చరించారని, ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదని ఆయన గురించి రాసినవారు నమోదు చేశారు. రాజ్యాంగం ఆయనకిచ్చిన అధికారం అంతవరకే. మే 27న కార్మికులు ఏమీ సాధించకుండానే సమ్మె విరమించారు. మూడు నెలల తర్వాత, ఆగస్టు 24న గిరి పదవీకాలం ముగిసింది.

1975లో భారతరత్న లభించింది. మరుసటి ఏడాది ఆత్మకథ వెలువడింది. కార్మిక అధ్యయనాల కోసం 1974లో ఏర్పడి, నోయిడాలో పనిచేస్తున్న జాతీయ సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. అక్కడ పరిశోధకులు నేటికీ గిరి పద్ధతిని చదువుతారు, తర్కిస్తారు. కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా మార్చిన నేపథ్యంలో ఆ తర్కం మళ్లీ వేడెక్కింది.

గిరి 1980 జూన్ 24న మద్రాసులో గుండెపోటుతో మరణించారు. అంతకు ముందురోజే ఢిల్లీలో విమాన ప్రమాదంలో సంజయ్ గాంధీ కన్నుమూశారు. పత్రికల మొదటి పేజీలన్నీ ఆ వార్తతోనే నిండిపోయాయి. ప్రభుత్వ లాంఛనాలతో గిరి అంత్యక్రియలు జరిగాయి. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి.